కప్పలు అరవని మేర

మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే ఒక కథ చెబుతారు. మీరూ వినే ఉంటారు. బొల్లారం దగ్గరి వాగులో నీటి నమూనాలు తేవడానికి వెళ్లిన ఒక భాయ్‌కి పట్టపగలే ఆడదయ్యం కనపడిందట. తడిజుట్టు విరబోసుకుని గుంటలో కూర్చుని ఊపిరి పీలుస్తోందట. భాయ్ సీసాలు పారేసి వ్యాన్ దాకా పరిగెత్తాడట. చెప్పేవాళ్ల ఓపికను బట్టి దయ్యం చీర రంగు మారుతూ ఉంటుంది. కథ చివర అందరూ నవ్వుతారు.

ఆ కథ కట్టింది నేను.

ఈమధ్య మోకాళ్లు సహకరించక ముందుగానే ఉద్యోగం మానుకున్నాను. వీడ్కోలు రోజు, చేరి నెల కూడా కాని ఒక అమ్మాయి సమోసా ప్లేటు పట్టుకుని నా దగ్గరికొచ్చి, "సార్, ఆ దయ్యం భాయ్ మీ టైమ్‌లోనే ఉండేవారట కదా, ఎలా ఉండేవారు?" అని అడిగింది. దయ్యం భాయ్. అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఆ గోడల మధ్య మిగిలిన పేరు అదొక్కటే. చేతిలో సమోసా చల్లారిపోయిందిగానీ ఆ అమ్మాయికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

వాగు పక్కన ఒక రసాయన కర్మాగారం ఉండేది. దానికి అనుమతి ఉంది. వాడిన నీటిని శుద్ధి చేసి లోపలి చెట్లకే పోసుకోవాలి, చుక్క కూడా గోడ దాటకూడదు అనేది అందులో షరతు. దాటడం లేదని చూపడానికి ప్రతి కాలంలోనూ వాగు నీటిని పరీక్ష చేయించాలి. ఆ పని మాకిచ్చారు. కర్మాగారానికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా. రెండూ ఒకేలా ఉంటే కర్మాగారం వల్ల వాగుకు ఏ హానీ లేదని అర్థం. అంత తేలిక కాబట్టే దాని గురించి మేమెవరమూ ఆలోచించలేదు.

వానాకాలంలో రెండు సీసాలూ ఎర్రగా, మడ్డిగా ఉండేవి. మట్టి పేరుకున్నాక చూస్తే నీళ్లు మంచివే. ఎండాకాలంలో రెండూ అద్దంలా తేటగా ఉండేవి. పరీక్షిస్తే క్షారం ఎక్కువ, ఉప్పు ఎక్కువ. రెండింటిలోనూ ఒకేలా ఎక్కువ. రిపోర్టు రాసేది నేను. ‘ఎండలకు నీరు ఆవిరై లవణాలు చిక్కబడుట వలన కలిగిన ఋతు వ్యత్యాసము’ అని ఒక వాక్యం తయారుచేసుకున్నాను. ఏటా అదే వాక్యం. దాని మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. నెపం కాలం మీద పెట్టాక ఎవరూ ఎదురు ప్రశ్న వేయరు. ఎండాకాలాన్ని పిలిచి సంజాయిషీ అడిగేదెవరు?

అసలు తప్పు ఇంకా ముందే జరిగింది. ఎగువ నమూనా తీయాల్సిన చోటు కర్మాగారానికి బాగా పైన, ఒక పాత రాతి కల్వర్టు కింద. ఎండలు ముదిరేసరికి అక్కడ వాగు ఎండిపోయేది. ఖాళీ సీసాతో వస్తే ఆఫీసులో ఊరుకునేవారు కారు. అందుకని మాకొక అలవాటు. ఎండిన వాగులో కిందికి నడుస్తూ, నీళ్లు మొదట ఎక్కడ కనపడితే అక్కడ సీసా ముంచి ‘ఎగువ’ అని చీటీ అంటించేవాళ్లం. నాకు నేర్పినవాళ్లు అలాగే నేర్పారు, నేనూ నా తర్వాతివాళ్లకు అలాగే నేర్పాను. ఆ మొదటి నీళ్లు కర్మాగారం గోడ మూలకు ఆనుకుని ఒక గుంటలో ఉండేవి. కర్మాగారం వాననీటి తూము ఇంకా కిందుంది కాబట్టి గుంట ఎగువే అని మా లెక్క. పైన ఎండిపోయిన వాగుకు ఇక్కడ నీళ్లెలా వచ్చాయని మాలో ఎవరికీ తోచలేదు.

తోచిన మనిషి భాయ్. నాకంటే కొన్నేళ్లు పెద్ద. జనగామ వైపు నుంచి వచ్చాడు. వాళ్ల నాన్న దర్జీ. భాయ్‌దీ నాలాగే కెమిస్ట్రీ డిగ్రీ. గొప్ప పనిమంతుడని చెప్పను. ఐసు పెట్టెలో ఐసు వేయడం మరిచిపోయేవాడు. వ్యాన్ ఎక్కగానే నిద్రపోయేవాడు. ఆయన రాసిన అంకెల్లో ఒకటికీ ఏడుకీ తేడా తెలిసేది కాదు. మా వాళ్లు కోస్తా నుంచి వచ్చి బోయిగూడలో స్థిరపడ్డారు. నా మాట వినగానే భాయ్‌కి హుషారు పుట్టేది. "ఏమండీ తమ్మీ గారూ, టిఫినీ చేశారాండీ" అని సాగదీసేవాడు. నేను ఆయన్ని "గిట్లనే భాయ్, గట్లనే భాయ్" అనేవాణ్ణి. మా వ్యాన్ ప్రయాణాలు ఇలా గడిచేవి.

ఒక ఎండాకాలం పొద్దున ఇద్దరం ఆ గుంట దగ్గరికి వెళ్లాం. నేను చీటీలు రాస్తున్నాను. భాయ్ గట్టు మీదే ఆగిపోయాడు.

"తమ్మీ, జెర ఇటు రా. సప్పుడు చెయ్యకు."

"ఏంటి భాయ్?"

"విను."

విన్నాను. "ఏమీ వినపడట్లేదే."

"గదే నేను చెప్పేది. నీళ్లున్న కాడ ఒక్క కప్పన్న ఉండదా? తూనీగుండదా? దోమ సుత లేదు చూడు. బొల్లారంల దోమ లేని నీళ్లు ఎన్నడన్న చూసినవా?"

"మంచిదేగా, మలేరియా రాదు."

ఆయన నవ్వలేదు. వ్యాన్ వెనకే వచ్చిన ఒక వీధికుక్క నాలుక వేలాడేసుకుని గుంట దాకా దిగింది. నీటికి మూతి ఆనించబోయి ఆగింది. తల ఎత్తకుండా అలాగే వెనక్కి వెనక్కి నడిచి గట్టెక్కింది. ఆ నీరు ఎంత తేటగా ఉందంటే అడుగున ప్రతి గులకరాయీ కనపడుతోంది. రాళ్ల మీద పాచి లేదు. ఒక నత్త లేదు. ఎవరో తోమి, కడిగి, పేర్చినట్టు తెల్లగా ఉన్నాయి.

"ఆ రాయి చూడు" అన్నాడు భాయ్.

గుంట అంచున పొడిగా ఒక తెల్లరాయి ఉంది. చూస్తుండగానే దాని చుట్టూ నీరు పెరిగి రాయి మునిగింది. కాసేపు అలాగే నిలిచింది. మెల్లగా నీరు దిగింది, రాయి బయటపడింది. మళ్లీ పెరిగింది. గాలి లేదు. ఒడ్డున తుమ్మ ఆకు కూడా కదలడం లేదు. నీరు దిగేటప్పుడు ఇసుకలోంచి పొడుగాటి శ్వాసలాంటి చప్పుడొచ్చింది. నిద్రలో ఉన్న మనిషి పక్కన కూర్చుంటే వినపడే చప్పుడు అది.

"శ్వాస తీస్కుంటున్నది" అన్నాడు భాయ్ గుసగుసగా. పెదాలు కదుపుతూ ఏదో దువా చదువుకోవడం మొదలుపెట్టాడు. భయపడ్డాడు, కాదనను. అలా చదువుకుంటూనే చెప్పులు విప్పి, గుంటలోకి దిగి, వంగి సీసా నింపాడు.

పరిగెత్తింది నేను. చేతిలో సీసాలు ఎక్కడ పడ్డాయో తెలియదు. వ్యాన్ తలుపు వేసుకుని కూర్చున్నాక, సీట్లో నిద్రపోతున్న డ్రైవర్ గురక విని మళ్లీ ఉలిక్కిపడ్డాను. భాయ్ తీరిగ్గా నా సీసాలు ఏరుకుని వచ్చి, ఐసు పెట్టెలో సర్దాడు. "నీళ్లు తాగుతవా తమ్మీ?" అని మాత్రం అడిగాడు.

అక్కణ్ణుంచి దిగువ నమూనాకు వెళ్లాం. అక్కడ చిన్న ధోబీ ఘాట్ ఉండేది. కొన్ని కుటుంబాలు హోటళ్ల దుప్పట్లు ఉతికేవి. వాళ్లలో పెద్దావిడను అందరూ అవ్వ అనేవారు. ఎండాకాలం నీళ్లంటే ఆమెకు మహా ఇష్టం.

"గీ నీళ్లకు సబ్బుతోని పనే లేదు బిడ్డా. గిట్ల ముంచి గట్ల తీస్తె మల్లెపువ్వు లెక్క అయితయి. వానకాలమే పరేషాన్" అంది. తర్వాత నవ్వుతూ రెండు చేతులూ చాపింది. "కాని రేషన్ దుకాణంల నా ఏలిముద్ర పడ్తలేదు సారూ. మిషన్ల పెట్టంగనే ‘ఎవరో తెల్వదు’ అంటున్నది. నేను బతికున్ననో లేదో దానికే ఎర్క."

భాయ్ ఆ వేళ్లను వెలుతురుకు తిప్పి చూశాడు. నేనూ చూశాను. వేళ్ల చివర గీతలు లేవు. గుంటలోని రాళ్లలాగే నున్నగా, తెల్లగా ఉన్నాయి.

తిరుగు దారంతా భాయ్ నిద్రపోలేదు.

మర్నాడు రాంగోపాల్‌పేట్‌లోని మా ఆఫీసుకు నేను రోజూకంటే ముందే చేరుకున్నాను. కారణం ఒక్కటే. భాయ్ నోరు విప్పకముందే నేను చెప్పాలి. నేను పరిగెత్తానని నలుగురికీ తెలిస్తే ఇక తలెత్తుకోలేను. టీ వచ్చేసరికి కథ సిద్ధమైంది. భాయ్ భయం, భాయ్ పరుగు, భాయ్ పారేసిన సీసాలు. దయ్యానికి జుట్టూ చీరా నేనే తగిలించాను, అవి లేకపోతే కథ నిలబడదనిపించింది. భాయ్ లోపలికి రాగానే అందరూ ఒక్కసారిగా, "భాయ్, వదిన ఎట్లుంది?" అన్నారు. ఆయన నావైపు చూశాడు. తర్వాత నవ్వి, "మస్తుగుంది. మీ అందరికి సలాం చెప్పమన్నది" అన్నాడు. నన్ను బయటపెట్టలేదు.

కథకు అలవాటుపడ్డాక ఆపడం కష్టం. కర్మాగారంవాళ్లు ఓ రోజు మాకు బిర్యానీ తినిపించారు. అక్కడా చెప్పాను. అందరికంటే ఎక్కువ నవ్వింది వాళ్ల అధికారే.

నెల తిరక్కుండానే ఎండాకాలం రిపోర్టు మీద సమావేశం జరిగింది. మా మేనేజర్ గారు, కర్మాగారం అధికారి, నేను, భాయ్ ఉన్నాం. నా వాక్యం చదివాను. ఋతు వ్యత్యాసం. అందరూ తలలూపారు. అప్పుడు భాయ్ చెయ్యెత్తాడు.

"సార్, నాదొక సవాల్. పైన కల్వర్టు కాడ వాగు ఎండిపోయి ఉన్నది. కింద గుంటల నీళ్లున్నయ్. నడుమ ఊట లేదు, కాలువ లేదు. మరి గా నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయ్? ఆవు గాదు, బర్రె గాదు, గుంట శ్వాస తీస్కునుడేంది?"

ఆ క్షణంలో ఎవరైనా ఆ ప్రశ్నను పట్టుకుని ఉంటే అవ్వ వేళ్లు ఇంకో వేసవి ఆ నీళ్లలో నానేవి కావు. కర్మాగారం అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఆమెనే అడగాల్సింది కదా భాయ్. పచ్చచీర కట్టుకుని అక్కడే కూర్చుంటదట?"

మేనేజర్ గారు కళ్లజోడు తీసి మరీ నవ్వారు. నేనూ నవ్వాను. ప్రశ్న ఆ నవ్వులో కొట్టుకుపోయింది. భాయ్ చెయ్యి ఇంకా కొంచెం పైకే ఉంది, దింపడం మరిచిపోయినట్టు. తర్వాతి వారం ఆయన్ని ఫీల్డు నుంచి తప్పించి గాజు సామాను గదిలో వేశారు. "భయపడే మనిషిని ఎందుకు పంపడం" అన్నారు మేనేజర్ గారు, దయగానే.

మరుసటి వేసవి ఆ గుంట దగ్గరికి నేను ఒంటరిగా వెళ్లాల్సివచ్చింది. కర్మాగారానికి ఆ రోజు ఏడాదికొకసారి వచ్చే మరమ్మతుల సెలవు. ఆ సంగతి నాకు తెలియదు. ఎప్పుడూ గోడ అవతల వినిపించే యంత్రాల రొద లేకపోతే ఏదో వెలితిగా అనిపించింది, అంతే. గుంట నిండుగా ఉంది. తెల్లరాయి మునిగి ఉంది. దాన్ని చూడకుండా సీసా మూత తిప్పుతున్నాను.

ఆ శ్వాస మళ్లీ వినపడింది. ఈసారి ఆగలేదు. రాయి బయటపడింది. రాయి కిందున్న రాయి బయటపడింది. నీరు దిగుతూనే ఉంది. కాళ్లు పరిగెత్తమన్నాయిగానీ మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. నిలబడి చూడటం తప్ప వేరే దారి లేదు. నా కళ్లముందే గుంట ఖాళీ అయింది. గోడ అడుగున, ఇన్నేళ్లూ నీటి కింద దాక్కున్న ఒక పాత రాతి కాలువ నోరు నల్లగా తెరుచుకుని కనపడింది. దానిలోంచి చివరి నీళ్లు జారుతుంటే వచ్చిన చప్పుడే ఆ శ్వాస. తర్వాత అది కూడా లేదు. కాసేపటికి దిగువన ఘాట్ నుంచి అవ్వ కేక వినపడింది. "నీళ్లు వోతున్నయి! ఓ పిల్లా, వాగు వోతున్నది!" పట్టపగలు, ఎండలో ఒక వాగు ఆగిపోయింది. నా చేతిలో సీసా ఖాళీగానే ఉంది.

గేటు దగ్గర అడిగితే, మరమ్మతుల సెలవని, పంపు ఆపేశారని కాపలావాడు చెప్పాడు. అప్పుడు అర్థమైంది. లోపల ‘శుద్ధి చేసిన’ నీళ్లంటూ నిలవచేసే తొట్టి ఎక్కడో పగిలి, ఆ నీరు పాత కాలువలో పడుతోంది. పంపు తొట్టిని నింపినప్పుడల్లా గుంట పెరిగేది, ఆగినప్పుడల్లా దిగేది. ఎండాకాలంలో వాగంతా కర్మాగారం నీళ్లే. మా ఎగువ సీసాలోనూ అవే, దిగువ సీసాలోనూ అవే. ఒకే నీటిని రెండు సీసాల్లో పోసి, రెండూ ఒకేలా ఉన్నాయని ఏటా రాసి సంతకం పెట్టింది నేను.

మేనేజర్ గారికి చెప్పాను. మంచి మనిషే. ఎగువ చోటును తిరిగి కల్వర్టు దగ్గరికి మార్పించారు. ఎండిపోతే ‘నీరు లేదు’ అని రాసే ధైర్యం చేశారు. తనిఖీలు జరిగాయి, తొట్టి బాగుచేయించారు. వేసవిలో వాగు మిగతా వాగుల్లాగే ఎండిపోవడం మొదలుపెట్టింది. ఘాట్‌వాళ్లు బోరు నీళ్లకు మారారు. దుప్పట్లు మునుపటంత తెల్లగా రావడం లేదని హోటళ్లవాళ్లు గొణిగారు. ఏడాది తర్వాత అవ్వ కనపడి చెయ్యి చాపింది. "గీతలొచ్చినయ్ సారూ. మిషన్ గుర్తువట్టింది. గని సబ్బుకే సగం కమాయి పోతున్నది" అంది. నన్ను మెచ్చుకుందో తిట్టిందో ఇప్పటికీ తెలియదు.

ఆఫీసులో నాకు శాలువా కప్పారు. మేనేజర్ గారు మైకు పట్టుకుని, "అదే గుంటలో మనవాళ్లలో ఒకరికి దయ్యం కనపడింది, ఇంకొకరికి సైన్సు కనపడింది" అన్నారు. హాలు ఘొల్లుమంది. చివరి వరసలో, గాజు సామాను గది తాళాలు చేతిలో పెట్టుకుని భాయ్ కూర్చున్నాడు. ఆయనా చప్పట్లు కొట్టాడు. తాళాల గుత్తి వల్ల ఆ చప్పట్లు మాత్రం వేరేగా వినపడ్డాయి. ఆ తర్వాత ఎక్కువ కాలం పనిచేయలేదు. వెళ్లేటప్పుడు టీ కూడా వద్దన్నాడు.

నా వీడ్కోలు అయిన వారానికి భాయ్‌ని వెతుక్కుంటూ వెళ్లాను. మా ఆఫీసుకు నాలుగు గల్లీల అవతలే కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ అక్కడే ఉన్నాడు. గడ్డం తెల్లబడింది. నన్ను చూసి, "ఏమండీ తమ్మీ గారూ" అన్నాడు. "వాగు దాకా వెళ్లొద్దామా భాయ్?" అన్నాను. వింతేమీ లేనట్టు షట్టర్ దించాడు.

వానాకాలం. వాగు ఎర్రగా పారుతోంది. ఘాట్ దగ్గర కప్పల గోలకు ఒకరి మాట ఒకరికి వినపడటం లేదు. నేను ఏదో మొదలుపెట్టాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. గట్టు వెంట పైకి నడిచాం. కర్మాగారం ఎప్పుడో ఊరి బయటికి వెళ్లిపోయింది. గోడ సగం కూలింది, తొట్టి ఉన్నచోట పిచ్చిమొక్కలు. గోడ మూలకు రాగానే కప్పల అరుపులు ఆగిపోయాయి. వెనక అరుస్తున్నాయి, ముందు దూరంగా అరుస్తున్నాయి. మేం నిలబడ్డ ఆ కాస్త మేరలో మాత్రం ఏమీ లేదు. నీరు పారుతున్న చప్పుడు తప్ప.

"భాయ్, ఆ రోజు పరిగెత్తింది నేను" అన్నాను. అరవాల్సిన అవసరం లేకపోయింది.

"నాకెర్క లేదా? సీసలు ఏరింది నేనే గద."

"ఎవరికైనా చెప్పొచ్చుగా."

"చెప్తె ఏమైతుండె? ఇద్దరు పిరికోళ్లని నవ్వుదురు. ఒక్కనితోని సరిపాయె." ఒక గులకరాయి తీసి నీళ్లలోకి విసిరాడు. "గది తక్లీఫ్ గాదు తమ్మీ. మీటింగుల నేనొక సవాల్ అడిగిన, యాదికున్నదా? నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయని. నువ్వు జవాబు కనుక్కున్నవ్. మేనేజర్‌కు చెప్పినవ్, అందరికి చెప్పినవ్. అడిగినోనికి చెప్పినవా?"

చెప్పలేదు. ఒక్కసారి కూడా.

అప్పుడు చెప్పాను. పగిలిన తొట్టి, పంపు, గోడ కింది రాతి కాలువ, మరమ్మతుల రోజు వాగు ఆగిపోవడం, అన్నీ మొదటి నుంచీ చెప్పాను. ఆయన గట్టు మీద గొంతుక్కూర్చుని చిన్నపిల్లాడిలా విన్నాడు. మధ్యలో "అచ్ఛా" అన్నాడు, "గట్లనా" అన్నాడు. చివరికి పెద్దగా నిట్టూర్చాడు.

"అంటే దయ్యం గాదన్న మాట."

"కాదు భాయ్. పంపు."

"మరి పంపు లేదు. తొట్టి లేదు. కంపెనీ సుత లేదు." గుంట ఉండాల్సిన చోటు వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మరి కప్పలేవి?"

నా దగ్గర ఒకప్పుడు ఒక వాక్యం ఉండేది. అది నోటిదాకా వచ్చి ఆగింది. రెండు వైపులా కప్పలు అరుస్తూనే ఉన్నాయి.

ఆ మట్టిలో ఇంకా ఏముందో నాకు తెలియదు. నా దగ్గర ఇప్పుడు సీసా లేదు, మీ దగ్గర ఉంది. బొల్లారం వైపు వెళ్లినప్పుడు గోడ మూల దగ్గర కాసేపు ఆగి వినండి. అక్కడి మట్టి తీసుకెళ్లి పరీక్షించండి. ఎప్పుడైనా జవాబు దొరికితే, రిపోర్టులో రాసేముందు రాంగోపాల్‌పేట్‌లో కుట్టు మిషన్ల దుకాణానికి వెళ్లి చెప్పండి. ప్రశ్న ఆయనది.